కింది మనిషి పైకెక్కిన రోజు

చెట్లు తీసే వృత్తిలో ఉన్నవాళ్లు రెండు రకాలు. మొదటి రకం వారు కింద నిలబడి మొదలు కోసి, పడేచోట ఎవరూ ఉండకూడదని మనసారా కోరుకుంటారు. రెండో రకం వారు చెట్టెక్కి, కొస నుంచి మొదలుపెట్టి, దాన్ని గడియారం విప్పినట్టు ముక్కముక్కగా విప్పి కిందికి దించుతారు. ఇటు ఒకరి వంటగది, అటు ఇంకొకరి కారు, మధ్యలో కరెంటు తీగలు ఉన్నచోట చెట్టుకు తన ఇష్టం వచ్చినట్టు పడే స్వాతంత్ర్యం ఉండదు కాబట్టి, ఊళ్లో రెండో రకం వారికే గిరాకీ. మనం చెప్పుకోబోయే ఆసామీ ముప్పై ఏళ్లుగా ఈ రెండో రకం.

కన్నవాళ్లు పెట్టిన పేరు ఆయనకు లేకపోలేదు. అది కాగితాల మీద క్షేమంగా ఉంది. మనుషులు పిలిచేది మాత్రం ‘నిదానం’ అని. కాస్త మర్యాద తెలిసినవాళ్లు ‘నిదానం గారు’ అని. గాలివాన వెలిసిన మర్నాడు ఎవరో ఫోను చేసి, చెట్టు ఒరిగిపోయిందని, ఏ క్షణానైనా పడేలా ఉందని, ఉన్నపళంగా రావాలని గుక్క తిప్పుకోకుండా మొత్తుకుంటే, ఆయన అడిగేది ఒకటే: “ఎటువైపు?” అవతలివాళ్లు చెప్పాక కాసేపు ఆలోచించి, ఇంట్లోవాళ్లను రెండోవైపు గదిలో కూర్చోబెట్టమని, తాను స్నానం చేసి వస్తానని సెలవిస్తాడు. ఇన్నేళ్లలో ఆయన స్నానం పూర్తయ్యేలోగా పడిన చెట్టు ఒక్కటే. అది కూడా ఎవరూ కూర్చోని వైపే పడింది.

మనిషి సన్నం. యాభై ఒకటో ఏడు నడుస్తోంది. చొక్కా గుండీలు కింది నుంచి పైకి పెట్టుకుంటాడు. పెట్టుకున్నాక ఒక్కోదాన్నీ తడిమి చూసుకుంటాడు. వీధి తలుపుకు గడియ వేసి, లాగి చూసి, నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్లీ లాగి చూస్తాడు. ఆయన భార్య ఇంట్లోనే కుట్టుమిషను పని చేస్తుంది. పెళ్లయి పాతికేళ్లయిందని, అందులో ఐదేళ్లు గుమ్మం ముందు ఈయన కోసం నిలబడటానికే సరిపోయాయని ఆవిడ లెక్క.

నేల మీద నవ్వు తెప్పించే ఈ జాగ్రత్త చెట్టు మీద ఇంకోలా కనిపిస్తుంది. ముందు చెట్టు చుట్టూ తిరిగి, మొదట్లో పుట్టగొడుగులు లేచాయా, బెరడు పొరలు ఊడుతోందా, వేళ్ల దగ్గర మన్ను పగిలిందా అని చూస్తాడు. తరువాత సన్నని దారానికి కట్టిన గుప్పెడంత ఇసుక సంచిని కాళ్ల మధ్య ఊపి, పైన తాను ఎంచుకున్న పంగలోంచి దూరేలా విసురుతాడు. దారం వెంట అసలు తాడు వెళ్లి, పంగ మీదుగా దిగివస్తుంది. దాని ఒక కొస ఆయన నడుం పట్టీకి తగులుతుంది. రెండో పాయ మీద ఒక పట్టుముడి పడుతుంది. ఆ ముడి స్వభావం విచిత్రమైనది. బరువు పడితే బిగుసుకుంటుంది, వేళ్లతో నెమ్మదిగా నొక్కితే జారుతుంది. బుజ్జగిస్తే వింటుంది, బెదిరిస్తే మొండికేస్తుంది. తనకు తెలిసిన మరొక మనిషిదీ ఇదే తీరని నిదానం అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని ఆయన చెట్టు దిగాక ఎన్నడూ వెలిబుచ్చలేదు.

పైకి చేరాక ఇంకో పొట్టి తాడును మాను చుట్టూ తిప్పి నడుముకు తగిలించుకుంటాడు. అది నడుం తాడు. రంపం నడిచేంతసేపూ మనిషి పై తాడు మీదా, నడుం తాడు మీదా, రెండింటి మీదా ఉండాలి. ఒకటి తెగినా రెండోది పట్టుకుంటుంది.

కోతలోనూ ఆయనకు తొందర లేదు. పెద్ద కొమ్మను పైనుంచి ఒక్క ఊపున కోసేస్తే, సగంలోనే దాని బరువుకు అది విరిగి, బెరడును పాత చొక్కా చింపినట్టు చింపుకుంటూ మాను మీదుగా దిగుతుంది. ఆ దారిలోనే మనిషి కూడా ఉంటాడు. అందుకని ముందు అడుగువైపు మూడో వంతు కోసి, తరువాత పైనుంచి మిగతాది కోస్తాడు. నిలువు మానైతే, పడాల్సిన వైపు నోరు తెరిచినట్టు ఒక చెక్క తీసి, వెనకవైపు నుంచి రెండో కోత వేస్తాడు. రెండు కోతలనూ కలవనివ్వడు. మధ్యలో రెండు వేళ్ల మందాన కర్ర వదిలేస్తాడు. తలుపు మడతబందు మీద తిరిగినట్టు ఆ కర్ర మీదే ముక్క ఒరుగుతుంది. కొత్తవాళ్లు పని పూర్తి చేయాలన్న పట్టుదల కొద్దీ ఆ కర్రను కూడా కోసేస్తారు. అప్పుడు ముక్క ఎటు పోవాలో అదే నిర్ణయించుకుంటుంది.

ఇంత చేసినా పని సగమే అయినట్టు. మిగతా సగం కింద ఉంటుంది. దాని బరువు తొంభై రెండు కిలోలు. వరసకు నిదానం బావమరిది.

కోసిన ముక్కకు ఇంకో మోకు కట్టి ఉంటుంది. ఆ మోకు చెట్టు మొదలుకు రెండు చుట్లు తిరిగి బావమరిది చేతుల్లోకి వస్తుంది. గేదె అంత దుంగ పైనుంచి వేలాడుతుంటే ఆయన చుట్ల ఒరిపిడి చూసుకుంటూ మోకు వదిలి, నిద్రపోయిన పిల్లను మంచం మీద పడుకోబెట్టినట్టు నేల మీద పెడతాడు. ఈ విద్యలో ఆయనను మించినవాడు చుట్టుపక్కల లేడు. అయితే ఇరవై రెండేళ్లుగా చెట్ల పనిలో ఉన్న ఈ పెద్దమనిషి రెండు కాళ్లనూ ఒకేసారి నేల మీద నుంచి తీసిన దాఖలా లేదు. ఇంట్లో బల్బు మాడిపోతే పక్కింటివాళ్లను పిలుస్తాడు. ఎత్తు అంటే తనకు భయం లేదని, గౌరవమని ఆయన వివరణ. ఆ గౌరవం సలహాలకు అడ్డం రాదు. బావ ముప్పై అడుగుల ఎత్తున కొమ్మ కోసం మెలికలు తిరుగుతుంటే, కింద నుంచి తాపీగా, “పక్కనే ఉంది కద బావా, చెయ్యి చాపితే అందుతుంది” అంటాడు.

ఇద్దరి మధ్యా ఒక ఆచారం ఉంది. అది నిదానానికి పని నేర్పిన మేస్త్రి నుంచి వచ్చింది. నలభై ఏళ్ల అనుభవం, మెలితిప్పిన మీసం, ఊరంతా పేరు ఉన్న ఆ మేస్త్రి, ఒకనాడు తన పై తాడు ఏ కొమ్మ మీద వేసుకున్నాడో ఆ కొమ్మనే శ్రద్ధగా, శాస్త్రోక్తంగా, అడుగున మూడో వంతు, పైన మిగతాది కోశాడు. ఒక్క కొమ్మే కదా అని నడుం తాడు కట్టుకోలేదు. కోత అద్భుతంగా వచ్చింది. కొమ్మా, మేస్త్రీ కలిసే దిగారు. కింద ఆకుల కుప్ప ఉండబట్టి భుజం ఎముకతో పోయింది. కట్టు కట్టించుకుంటూ ఆయన తేల్చిన విషయం ఇది: పైనున్నవాడికి కొమ్మ తప్ప ఏమీ కనిపించదు, తాళ్లు కనిపించేది కింద ఉన్నవాడికే.

కాబట్టి నియమం. రంపం ఆన్ చేసే ముందూ, ఏ తాడైనా, కొక్కెమైనా విప్పే ముందూ, పైనున్నవాడు తనను పట్టుకుని ఉన్నవాటిని చేత్తో తాకి, ఎన్నో లెక్కచెప్పి కేకేయాలి: “రెండు.” కింద ఉన్నవాడు తలెత్తి, ఒక్కో తాడునూ మొదటి నుంచి చివరి దాకా కళ్లతో వెంబడించి, అప్పుడు బదులివ్వాలి: “రెండే.” బదులు రాందే పైనున్నవాడు వేలు కదపకూడదు. చూడకుండా కింద ఉన్నవాడు బదులివ్వకూడదు.

ఇరవై రెండేళ్లలో ఈ నియమం ఒక్కసారి కూడా తప్పలేదు. ఒకసారి బావమరిది ఇంటి యజమానితో, పడిపోయిన పూలకుండీ ముందే పగిలి ఉందా లేదా అన్న చర్చలో మునిగిపోయి బదులు చెప్పడం మరిచిపోయాడు. చర్చ పావుగంట సాగింది. ఆ పావుగంటా నిదానం కొమ్మ మీద కొంగలా నిలబడే ఉన్నాడు. రెండో కేక కూడా వేయలేదు. అవతల మనిషి తాళ్లను జాగ్రత్తగా చూస్తున్నాడనుకున్నాడు.

ఇలా ఉండగా ఊరి చెట్ల వ్యవహారాలు చూసే కార్యాలయం వారు ఒక ప్రకటన అంటించారు. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి గుర్తింపు కార్డు లేనివారెవరూ రంపంతో చెట్టెక్కరాదు. కార్డుకు పరీక్ష ఉంటుంది. పరీక్ష తప్పినవారు మళ్లీ ఏడాది తరువాతే రావాలి.

నిదానం ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి ఇంటికి వచ్చి, గడియ లాగి చూడకుండానే లోపలికి వెళ్లాడు. విషయం తీవ్రత భార్యకు అక్కడే అర్థమైంది. కుట్టుమిషను మీద ఇంట్లో మూడో వంతే నడుస్తుంది. మిగతా రెండు వంతులూ, బావమరిది ఇల్లు మొత్తం, ఆ తాడు మీదే వేలాడుతున్నాయి. ఏడాది పాటు ఈ మనిషి నేల మీద ఉంటే తిండి సంగతి తరువాత, రోజుకు ఎన్ని తలుపులు లాగి చూస్తాడోనని ఆవిడ దిగులు.

పరీక్షలో నాలుగు భాగాలు. రాతపరీక్ష, తాడు ముడులు వేయడం, ఎక్కి కోయడం, చివరది రక్షణ: చెట్టు మీద స్పృహ తప్పిన మనిషిని పన్నెండు నిమిషాల్లో కిందికి దించాలి. మొదటి మూడింటికీ నిదానం భయపడలేదు. నాలుగోదే కొత్త. ముప్పై ఏళ్లుగా ఎవరినీ దించాల్సిన అవసరం రాకుండా పని చేసిన మనిషికి, దించడం ఎలా వస్తుంది?

సాధన ఇంట్లో మొదలైంది. మేడమెట్ల పైన, రెండో అంతస్తు పిట్టగోడ దగ్గర పాత పరుపును చుట్టగా చుట్టి, నిలబెట్టి, తాళ్లతో బిగించారు. మనిషని గుర్తుండటానికి దానికి బావమరిది పాత చొక్కా తొడిగారు. భార్య మిషను ఆపి వచ్చి, కాసేపు చూసి తీర్పు చెప్పింది. “ఒరేయ్ తమ్ముడూ, నీ చొక్కా దీనికే బాగుందిరా. పైగా నోరు కూడా లేదు.”

రోజూ సాయంత్రం నిదానం తాడు మీద పైకి వెళ్లి, పరుపును తన పట్టీకి రెండు కొక్కేలతో తగిలించుకుని, “రెండు” అనేవాడు. మెట్ల కింద నిలబడి బావమరిది చూసి, “రెండే” అనేవాడు. అప్పుడు పరుపును గోడకు పట్టి ఉంచిన తాళ్లు విప్పి, దానితో సహా దిగేవాడు. ఎనిమిది రోజుల్లో పద్దెనిమిది నిమిషాల నుంచి పదికి వచ్చాడు. పరుపు ఆరోగ్యంగా ఉంది. ఏర్పాటులో లోపం ఎవరికీ కనిపించలేదు. కనిపించాల్సిన చోట అందరికీ అలవాటు కూర్చుని ఉంది.

పరీక్ష ఊరి పార్కు వెనకభాగంలో జరిగింది. పరీక్షాధికారిణికి ముప్పై ఏళ్లుంటాయి. పొట్టి జుట్టు, మెడలో ఈల, చేతిలో స్టాప్‌వాచీ. అభ్యర్థులను ఎక్కించే ముందు పై పంగ గట్టిదో కాదో తానే ఎక్కి చూసి దిగింది. ఎక్కడంలో ఎక్కడా చెయ్యి తడబడలేదు, ఒక్క ఆకు రాలలేదు. అది చూసి నిదానం మొదటిసారి కంగారుపడ్డాడు. తెలియనివాళ్లు పెట్టే పరీక్షను ఎలాగోలా నెట్టుకురావచ్చు; చిక్కంతా తెలిసినవాళ్లతోనే.

మధ్యాహ్నానికి మూడు భాగాలు అయిపోయాయి. కోతలో రెండు వేళ్ల కర్రను కొలబద్దతో కొలిచి ఆవిడ తల పంకించింది కూడా. నాలుగోదానికి కార్యాలయం వారు తెచ్చిన ఇసుక మనిషిని బండిలోంచి దించుతుండగా, దాని తొడ దగ్గర కుట్టు విడిపోయి, ఇసుకంతా గడ్డి మీద కుప్పగా పోసింది. స్పృహ తప్పాల్సిన మనిషి ప్రాణమే వదిలాడు.

పరీక్షాధికారిణి నియమాల పుస్తకం తిరగేసింది. ఇసుక మనిషి లేనప్పుడు డెబ్బై కిలోలకు తగ్గని నిజం మనిషిని, అతని సంతకం తీసుకుని వాడుకోవచ్చు. లేదా పరీక్ష వచ్చే నెల పదికి వాయిదా వేయవచ్చు. ఒకటి నుంచి పది దాకా కార్డు లేదు, పని లేదు. అప్పటికే నాలుగు చెట్లకు మాట ఇచ్చి ఉన్నారు.

నిదానం తాడు చుట్టుకుంటూ నేల చూపులు చూశాడు. మిగతావాళ్లందరూ, కార్యాలయం సిబ్బందితో సహా, బావమరిది వైపు చూశారు. డెబ్బైకి తగ్గడన్న విషయంలో ఎవరికీ అనుమానం లేదు.

“నన్నెందుకు చూస్తారు?” అన్నాడు బావమరిది. “నేను కింద మనిషిని.”

“ఇరవై అయిదు అడుగులేనండి,” అంది పరీక్షాధికారిణి. “కళ్లు మూసుకుని కూర్చుంటే చాలు. స్పృహ తప్పినవాళ్లు ఏమీ చేయనక్కర్లేదు.”

“స్పృహ సంగతి మీరు చెప్పక్కర్లేదు మేడమ్. పైకి వెళ్లగానే దానంతటదే పోతుంది.”

అన్నాడే కాని, బావ ముఖం ఒకసారి చూసి, పెన్ను అడిగి సంతకం పెట్టాడు. పెట్టేటప్పుడు తనకేమైనా అయితే అక్కకు మొహం ఎలా చూపిస్తావో చూసుకోమని బావతో అన్నాడు. సంతకం చేసిన కాగితంలో ఒక షరతు ఉంది. గాయపడిన వ్యక్తి మాట్లాడినా, చేత్తో సాయపడినా ఆ పరీక్ష రద్దు. పరీక్షాధికారిణి దాన్ని పైకి చదివి, కింద ఉన్నవాళ్లకు కూడా వర్తించే ఇంకొకటి కలిపింది: ఎవరూ సలహాలు ఇవ్వకూడదు. బావమరిది రెండింటికీ తల ఊపాడు.

ఆయనకు కార్యాలయం వారి పట్టీ తొడిగారు. ఉన్నవాటిలో పెద్దది చివరి రంధ్రానికి వచ్చి ఆగింది. అది కొత్త రకం. ముందువైపు మనిషి బరువు మోసే ఉక్కు రింగు ఒకటి, దాని పక్కనే రంపాలూ గొడ్డళ్లూ తగిలించుకోవడానికి రంగురంగుల రింగులు నాలుగు మెరుస్తున్నాయి. కప్పీ మీద తాడు వేసి, నలుగురు సిబ్బంది లాగి ఆయనను పైకి చేర్చారు. చేర్చడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగి చేతులు దులుపుకున్నారు. ముందే పైకెక్కి ఉన్న ఇద్దరు ఆయనను పంగలో కూర్చోబెట్టి, రెండు పట్టీలతో మానుకు బిగించి, ఎత్తిన తాడు విప్పేసి దిగిపోయారు. బావమరిది కళ్లు అప్పటికి చాలాసేపటి నుంచే మూసుకుని ఉన్నాయి. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

ఈల మోగింది.

నిదానం మూడు నిమిషాల్లో పైకి చేరాడు. ఆయన జీవితంలో అదే అన్నిటికన్నా వేగం. నడుం తాడు మానుకు వేసుకుని, బావమరిది ముందుకు వచ్చి, పొడుగు తాడు కొక్కెం ఒకటి, పొట్టి తాడు కొక్కెం ఒకటి ఆయన పట్టీకి తగిలించి, వాటి రెండో కొసలను తన పట్టీకి తగిలించాడు. అయిదు నిమిషాలు. ఇక మానుకు ఉన్న రెండు పట్టీలూ విప్పి, బావమరిది బరువును తన తాడు మీదికి తీసుకుని దిగడమే. ఏడు నిమిషాల సమయం చేతిలో ఉంది. నిదానం రెండు కొక్కేలనూ తాకి, తల కిందికి వంచి కేకేశాడు.

“రెండు.”

కింద నుంచి బదులు రాలేదు.

ఆయన ఆగాడు. కింద, చెట్టు మొదట్లో, ఇరవై రెండేళ్లుగా ఒక వెడల్పాటి ఆకారం తలెత్తి నిలబడే చోట ఇప్పుడు ఎవరిదో నీళ్లసీసా ఉంది. ఆ ఆకారం తన మోకాలికి ఆనుకునే ఉందని నిదానం బుద్ధికి తెలుసు. చేతికి తెలియదు. బుద్ధి విప్పమంటోంది, చెయ్యి బదులు కోసం చూస్తోంది. ముప్పై ఏళ్లుగా ఆ చెయ్యి బుద్ధి కన్నా గొంతుకే ఎక్కువ విలువ ఇచ్చింది.

“రెండు,” అన్నాడు మళ్లీ. ఈసారి కాస్త గట్టిగా.

పార్కులో ఎవరో సైకిలు గంట మోగించారు. పరీక్షాధికారిణి గడియారం చూసి ఏదో రాసుకుంది. అభ్యర్థి ఏం చేస్తున్నాడో ఆవిడకు అంతుపట్టలేదు. ఒకవేళ ఇదేదైనా ప్రార్థన అయితే మధ్యలో అడ్డం పడకూడదని సిబ్బందిలో ఒకడు పక్కవాడితో గుసగుసలాడాడు. ఆరు నిమిషాలు. ఏడు. ఎనిమిది. నిదానం వీపు మీద చొక్కా తడిసి అంటుకుపోయింది. ఒక చెయ్యి మాను పట్టీ మీదికి వెళ్లి వెనక్కి వచ్చింది.

స్పృహ తప్పిన మనిషికి మాత్రం అంతా స్పష్టంగా అర్థమవుతోంది. బావ ఎందుకు కదలడం లేదో ఈ భూమ్మీద తెలిసినవాడు ఆయనొక్కడే, ఆయన ప్రస్తుతం భూమ్మీద లేడు. నోరు విప్పితే పరీక్ష రద్దు. విప్పకపోతే ఇంకో నాలుగు నిమిషాల్లో పరీక్ష తప్పినట్టు. రెండే అని ఒక్క మాట, పెదవులు కదపకుండా ముక్కుతో అనేస్తే ఎవరికి తెలుస్తుంది? కాని చూడకుండా ఆ మాట ఆయన ఎన్నడూ అనలేదు. చూడాలంటే కళ్లు తెరవాలి.

తెరిచాడు.

ముందు నేల కనిపించింది, ఎంత దూరాన ఉండాలో అంతకన్నా చాలా దూరాన. తరువాత కొమ్మలు కనిపించాయి. ఏ ఒక్కటీ చెయ్యి చాపితే అందేలా లేదు. గబగబా చూపు దగ్గరికి తెచ్చుకుని, అలవాటు ప్రకారం, బావ పట్టీ నుంచి మొదలుపెట్టి పొడుగు కొక్కేన్ని వెంబడించాడు. అది తన ఉక్కు రింగులో ఉంది. పొట్టి కొక్కెం వెంట వచ్చాడు. అది తన నడుము దగ్గర, ఎర్రగా మెరుస్తున్న ఒక చక్కని రింగులో ఉంది. గొడ్డలి తగిలించుకునే రింగు. మహా అయితే అయిదు కిలోలు మోస్తుంది.

“ఒకటి,” అన్నాడు బావమరిది.

మామూలు గొంతుతోనే అన్నాడు. కాని ఇరవై రెండేళ్లు కింద నుంచి పైకి వినిపించేలా మాట్లాడిన గొంతు అది. పార్కు గేటు దాకా వినిపించింది.

నిదానం వంగి చూశాడు. చూసి, పొట్టి కొక్కేన్ని ఎర్ర రింగులోంచి తీసి ఉక్కు రింగులో వేశాడు. వేసి, లాగి చూశాడు. ఇంకోసారి లాగి చూశాడు. “రెండు.”

“రెండే. ఇక దించు బావా, ఒళ్లంతా చెమటలు పడుతున్నాయి.”

కింద పరీక్షాధికారిణి ‘ఒకటి’ వినగానే గడియారం ఆపేసింది. పరీక్ష అక్కడితో రద్దయింది. అయితే రద్దయిన పరీక్షలో మనిషి మాత్రం ఇంకా పైనే ఉన్నాడు కాబట్టి, ఆ తరువాత జరిగిందే అసలైన రక్షణ. దానికి గడియారం లేదు, మార్కులు లేవు. నిదానం మానుకు ఉన్న పట్టీలు విప్పి, పట్టుముడిని వేళ్లతో నొక్కుకుంటూ, తొంభై రెండు కిలోల బంధుత్వాన్ని ఒళ్లో పెట్టుకున్నట్టు తెచ్చి గడ్డి మీద దించాడు. బావమరిది కాసేపు లేవలేదు. నేలను అరచేత్తో రెండుమూడుసార్లు తట్టి చూశాడు.

ఆ తరువాత ఇద్దరూ పరీక్షాధికారిణి ముందు నిలబడ్డారు. నిదానం తన తప్పు తానే చెప్పుకున్నాడు: కొత్త పట్టీ, తొందర, తప్పు రింగు. దాచడానికి ప్రయత్నించలేదు. ఏడాది అన్న మాట కోసం ఎదురుచూస్తున్నవాడిలా చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

ఆవిడ బావమరిది వైపు తిరిగింది. “మాట్లాడితే రద్దవుతుందని చదివి వినిపించాను కదండీ. తెలిసే మాట్లాడారా?”

“తెలుసు మేడమ్,” అన్నాడు బావమరిది. “పరీక్ష పోతే మళ్లీ పెడతారు. నేను పోతే మళ్లీ రాను కదండీ.”

ఆవిడ ఆ ఆచారం గురించి అడిగింది. బావమరిది మేస్త్రి దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాడు. నిదానం మధ్యలో భుజం ఎముక ఎడమది కాదు, కుడిది అని సవరించాడు. విన్నాక ఆవిడ నియమాల పుస్తకం తీసి, ఇద్దరికీ కనిపించేలా వేలు పెట్టి చూపించింది. తప్పడం వేరు, రద్దు వేరు. గాయపడిన మనిషిని మానుకు బిగించిన పట్టీ విప్పాక తప్పు రింగు బయటపడి ఉంటే అది తప్పడం; ఏడాది ఆగాలి. విప్పకముందే గాయపడిన మనిషి మాట్లాడాడు కాబట్టి ఇది రద్దు. రద్దయిన పరీక్షను వారంలోగా మళ్లీ పెట్టే బాధ్యత కార్యాలయానిదే. నిదానం ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాడు. బావమరిదికి ఒక్కసారే సరిపోయింది.

“ఆ మూడు నిమిషాలూ మీరు విప్పకుండా ఆగారే, దానికి ఈ కాగితంలో గడి లేదు,” అంది ఆవిడ. “ఉంటే రాసేదాన్ని.”

బావమరిది ఇంకో సందేహం లేవనెత్తాడు. ఈసారి తాను కింద నిలబడి అంకె చెబితే అది సలహా కిందికి వస్తుందా? ఆవిడ పుస్తకం ముందుకూ వెనక్కూ తిరగేసింది. రంపం ఎలా పట్టాలో చెప్పడం సలహా, తాడు ఎక్కడుందో చెప్పడం సలహా. కాని ఒకటనో రెండనో అనడం గురించి పుస్తకంలో ఏమీ లేదు. రాయనిదాన్ని నిషేధించే అధికారం తనకు లేదని ఆవిడ గంభీరంగా ప్రకటించింది.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగిన విచారణ పార్కులోదాని కన్నా కఠినమైనది. భార్య మిషను ఆపి, ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, మొదటి నుంచి చెప్పించుకుంది. తమ్ముణ్ని చెట్టెక్కించినందుకు భర్తను నాలుగు దులిపింది, ఎక్కినందుకు తమ్ముణ్ని ఎనిమిది దులిపింది. ఎర్ర రింగు దగ్గరికి వచ్చేసరికి లేచి వెళ్లి నీళ్లు తాగి వచ్చింది. మర్నాటి నుంచి సాధనలో పరుపుకు మూడు రకాల పట్టీలు మార్చి మార్చి తొడిగే పని ఆవిడే తీసుకుంది. ప్రతిసారీ ఏదో ఒక రంగు రింగు ఎక్కడో ఒకచోట కుట్టి ఉంచేది. నిదానం చీకటి పడేదాకా ఒక్కోదాన్నీ వేళ్లతో తడిమి నేర్చుకున్నాడు.

గురువారం ఉదయం పరీక్ష మళ్లీ జరిగింది. కొత్త ఇసుక మనిషికి రెండు వరసల కుట్టు వేయించారు. నిదానం పైకి వెళ్లాడు, కొక్కేలు వేశాడు, ఒక్కోదాన్నీ రెండుసార్లు లాగి చూశాడు. అంకె చెప్పాడు. కింద బావమరిది, పక్కన అధికారిణి ఉందని ఏమాత్రం తొందరపడకుండా, తలెత్తి, కళ్లు చికిలించి, ఒక్కో తాడూ చివరి దాకా చూసి బదులిచ్చాడు. పదకొండు నిమిషాల పది సెకన్లు. పరీక్షాధికారిణి నాలుగో గడిలో టిక్కు పెట్టి, కార్డు మీద సంతకం చేసి చేతికిచ్చింది.

నెల ఒకటో తారీఖున, పొద్దున ఏడింటికి, నిదానం గుండీలు పెట్టుకుంటుండగా ఫోను మోగింది. బడి గోడ మీదికి ఒక చెట్టు ఒరిగిందని, పిల్లలు తొమ్మిదింటికి వస్తారని, వెంటనే రావాలని అవతల మనిషి కంగారుగా అన్నాడు. కార్డు ఉందా అని కూడా అడిగాడు.

ఉందని చెప్పి నిదానం అడిగాడు: “ఎటువైపు గోడ?”